కమాను కింది ఖాళీ

ప్రొద్దుటూరు దాటి మైదుకూరు, దువ్వూరు వైపు పల్లెదారుల్లో మోటరుసైకిలు మీద తిరిగేవాళ్ళకు కె.సి. కెనాల్ (కర్నూలు–కడప కాలువ) మీద మిగిలిన పాత రాతి వంతెనల సంగతి కంటికంటే ముందు నడుముకు తెలుస్తుంది. అంతదాకా చదునుగా వచ్చిన రోడ్డు కాలువ గట్టు దగ్గర ఒక్కసారిగా లేస్తుంది. నడినెత్తికి చేరేదాకా ఎదుటి బండి కనపడదు. అవతల అంతే నిటారుగా దిగిపోతుంది. హారన్ కొట్టుకుంటూ ఎక్కుతాం, దిగగానే మర్చిపోతాం. కాలువలోకి తొంగిచూస్తే నీళ్ళు ఎక్కడో కిందున్నాయి. ఆ నీళ్ళు దాటడానికి అంత ఎత్తు అక్కర్లేదు. మరి ఎందుకు కట్టినట్టు?

కింద పడవలు పోవాలని.

కె.సి. కెనాల్ అంటే ఇప్పుడు మనకు వరిమళ్ళు, నీటి విడుదల తేదీలు, ఆయకట్టు పంచాయితీలు. తవ్వినప్పుడు దాని పనులు రెండు. పొలాలకు నీళ్ళివ్వడం ఒకటి, సరుకుల పడవలు నడపడం రెండోది. 1858లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, పది లక్షల పౌండ్ల పెట్టుబడికి నూటికి ఐదు చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ ఉంటే, 1863లో పని మొదలుపెట్టింది. వెనక ఉన్న ఊహ సర్ ఆర్థర్ కాటన్‌ది. తుంగభద్ర నీటిని పెన్నకు కలిపి, నెల్లూరు తీరం దాకా పడవ దారి వెయ్యాలని ఆయన తలపోశాడు. అందులో పూర్తయింది సుంకేసుల నుంచి కడప దాకా, సుమారు 190 మైళ్ళు, అంటే మూడువందల కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలులో హంద్రీ అడ్డం వస్తే నది మీదుగా అక్విడక్టు కట్టి కాలువనే దాటించారు. కొంత దూరం తవ్విన కాలువ, కొంత దూరం కుందూ వంటి ఏళ్ళే దారి. మన కడప జిల్లాలోకొచ్చాక పెద్దముడియం మండలం రాజోలి దగ్గర కుందూకు ఆనకట్ట వేసి నీటిని మళ్ళించారు. ఇంకా దిగువన పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట ఉంది.

సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు రైల్వే కూడా కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా సాగిపోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో పడవా రైలూ పోటీకి దిగాయన్నమాట. నీటిదారి ఉండగా రైలుకు అంత డబ్బు పొయ్యడం దండగని కాటన్ చివరిదాకా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి కూడా అదే చెప్పాడు. జరిగింది వేరు. సరుకు రైలెక్కింది. నల్లరేగట్లో జొన్న, పత్తి వేసుకునే రైతు కాలువ నీటికి తొందరపడలేదు, రేగడికి నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. కంపెనీకి కిట్టుబాటు కాలేదు. 1882లో కాలువ ప్రభుత్వం చేతికొచ్చింది. 1933లో పడవల రాకపోకలు ఆపేశారు. పడవ కోసం లేపిన వంతెనలు మాత్రం ఎక్కడివక్కడే నిలబడ్డాయి. వాటి మీద ఎద్దులబండ్లు పోయాయి, బస్సులు పోయాయి, ఇప్పుడు వరికోత మిషన్లు పోతున్నాయి.

ఈ వంతెనలను నేను కొలుస్తాను. కొలిచి కాగితం మీద గీసి పెడతాను. ఎవరూ చెయ్యమనలేదు, జీతమూ లేదు. పాతికేళ్ళ కిందట పని అవసరం కోసం నేర్చుకున్నది, తర్వాత వదిలిపెట్టలేకపోయాను. గుడినో కోటనో కొలిచి గీసేవాళ్ళు ఉన్నారు. గండికోటకు పురావస్తు శాఖ ఉంది, టూరిస్టుల కెమెరాలు ఉన్నాయి. పల్లె రోడ్డు మీది వంతెనకు ఎవరున్నారు? పైన రోడ్డు ఒక శాఖది, కింద కాలువ ఇంకో శాఖది, మధ్యలో రాయి ఎవరిదీ కాదు. అందుకే నా ఎండాకాలాలు దానికిచ్చాను.

ఎండాకాలం అని ఊరికే అనలేదు. నీళ్ళున్నంతకాలం కమాను కిందికి పోలేం. కాలువ కట్టేసి, అడుగు బురద ఎండి పెచ్చులు లేచాకే పని. అంటే మన జిల్లాలో ఏప్రిల్, మే. తెల్లారక ముందే చేరుకుని పదింటికల్లా ముగించుకోవాలి, ఆ తర్వాత రాయి మీద చెయ్యి పెట్టలేం. కావలసినవి పెద్దవేం కావు. పొడుగు టేపు, నైలాను దారం, తాపీమేస్త్రీల గుండు, రసమట్టం, గళ్ళ కాగితం, పెన్సిలు, టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఓపికున్న మనిషి. చివరిది దొరకడమే కష్టం.

ముందు దారం కట్టాలి. నిలువు గోడ ముగిసి వంపు మొదలయ్యే చోటు రెండువైపులా ఉంటుంది. ఆ రెండు చోట్ల మధ్య దారం బిగించి, రసమట్టం పెట్టి సరిచూసుకోవాలి. దారం పొడవు కమాను వెడల్పు. దారం నడిమి నుంచి కమాను నడినెత్తి రాయి అడుగు దాకా కొలిస్తే ఎత్తు. ఈ రెండంకెలు చేతికొస్తే, కట్టినవాడు ఎంత వ్యాసార్ధం ఉన్న వృత్తంలోంచి ఆ వంపు తీశాడో లెక్క కట్టొచ్చు. సగం వెడల్పును దానితోనే గుణించు, ఎత్తును దానితోనే గుణించు, రెండూ కూడు, ఎత్తుకు రెట్టింపుతో భాగించు. వెడల్పు ఇరవై అడుగులు, ఎత్తు ఐదడుగులు అనుకుందాం. పది పదులు నూరు, ఐదైదులు ఇరవైఐదు, మొత్తం నూట ఇరవైఐదు. దాన్ని పదితో భాగిస్తే పన్నెండున్నర. పన్నెండున్నర అడుగుల వ్యాసార్ధం.

అక్కడితో ఆగితే సగం పనే. దారం పొడవునా అడుగుకొక చోట గుర్తు పెట్టుకుని, ప్రతి గుర్తు దగ్గరా పైకి కొలుస్తూ పోవాలి. పై లెక్క ప్రకారం నడిమికి ఐదడుగుల దూరాన దారం మీంచి కమాను దాకా అరంగుళం తక్కువ నాలుగడుగులు రావాలి. వస్తే కమాను కట్టిన రోజు ఎట్లుందో ఇప్పుడూ అట్లే ఉంది. రెండంగుళాలు తేడా వస్తే ఒకపక్క గోడ కుంగి ఉంటుంది, లేదా మీద బరువుకు నడినెత్తి చదునై ఉంటుంది. నూటయాభై ఏళ్ళ నాటి కమాను కింద, ఎండు బురదలో నిలబడి, లెక్కలో వచ్చిన అంకె టేపు మీద కూడా కనిపించినప్పుడు కలిగే సంతోషం ఇంకే పనిలోనూ నాకు దొరకలేదు. ఆ వంపు తీసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. అతని లెక్క మాత్రం మన చేతిలో ఉంది.

ఫోన్‌తో ఫొటోలు తీస్తే చాలదా అంటారు కుర్రవాళ్ళు. చాలా మంచి పని, తియ్యండి. ఒకదాని అంచు ఇంకోదానిలో కలిసేట్టు వరసగా వందల ఫొటోలు తీస్తే కంప్యూటరు వాటిని కూర్చి వంతెన నమూనాను నిలబెడుతుంది. కానీ ఫొటో తీసేవాడు నడిచిపోతాడు, గీసేవాడు ఆగాలి. ఒక్కో రాయి గీస్తేనే కదా తెలిసేది, కమాను రాళ్ళకు ఉలి సన్నంగా నడిచిందనీ, గోడ రాళ్ళకు ముఖం మాత్రమే సాపు చేసి వెనక వదిలేశారనీ, ఒక మూల నాలుగు వరసలు తర్వాతెప్పుడో సిమెంటుతో పేర్చారనీ. పాత గార గానుగ సున్నం. గోటితో గీకితే మెత్తగా రాలుతుంది, అయినా లోపల గట్టిగానే పట్టి ఉంటుంది. మరమ్మతు చేసినచోట సిమెంటు గట్టిగా ఉండి, దాని పక్క రాయి అంచు పగులుతుంది. ఇవన్నీ గీస్తే కాగితం మీద పడతాయి. గీతకు లొంగనివి అంచున అక్షరాల్లో రాసుకుంటాను.

ఒకసారి కింద దారం కడుతుంటే పిట్టగోడ మీంచి ఒక పెద్దాయన వంగి అడిగాడు.

“ఏంది సార్, కొలుచ్చాండారు? బ్రిడ్జి ఇడగొడతారా?”

“లేదు పెద్దాయనా, బొమ్మ గీసుకుంటాండా.”

“బొమ్మా!” అని కాసేపు చూశాడు. గొర్రెలను గట్టు మీదికి తోలి కిందికి దిగొచ్చి, అడక్కుండానే టేపు కొస పట్టుకున్నాడు. “శెనక్కాయ మూటలేసుకొని ఈ గూని ఎక్కాలంటే బండి ఎనక ఇద్దురం తోసేవాళ్ళం సార్. ఇంత ఎత్తు యాల కట్నారో దొంగనాయాళ్ళు అని తిట్టుకుంటాంటిమి.” పడవల సంగతి చెప్పాను. ఆయన కమాను వంక, కాలువ అడుగు వంక మార్చి మార్చి చూశాడు. “అవును, మా జేజినాయన చెప్పేవాడు. పడవలని. మేం నమ్మలా.” తర్వాత ఆయనే గోడ మొదట్లో నీటి మట్టం గుర్తుకు కాస్త పైన ఉన్న సన్నటి గట్టు చూపించి, “మరి దీని మింద నడిసే మనిసి యాడికి పోయేవాడు?” అన్నాడు.

సరైన ప్రశ్న అదే. తెరచాపకు గాలి లేనిచోట కాలువ పడవను గట్టు మీద మనిషో పశువో తాడు కట్టి లాగాలి. వంతెన దగ్గర ఆ లాగేవాడు ఏం చెయ్యాలి? కమాను కింద అతనికి దారి వదిలి ఉంటే పడవ ఆగకుండా పోతుంది. లేకపోతే తాడు విప్పి, వంతెన దాటి, మళ్ళీ కట్టుకోవాలి. అందుకే కమాను వెడల్పును నీటి లెక్క ఒక్కటే తేల్చదు, పడవ వెడల్పూ నడిచే మనిషి భుజాలూ కలిసి తేలుస్తాయి. ఇంగ్లండులో పాత కాలువల వంతెనల మూలరాళ్ళ మీద వందేళ్ళు తాడు ఒరుసుకుని పడిన గాట్లు వేలు పట్టేంత లోతున ఉంటాయి. నేను ఏ వంతెన కిందికి దిగినా ముందు మూలరాయి మీద అరచెయ్యి ఆనించి చూస్తాను.

ఇన్నేళ్ళకు నాకు పట్టుబడిందేమిటంటే, పాత వంతెనలో ముఖ్యంగా కొలవాల్సింది ఖాళీ. రాయిని అందరూ చూస్తారు, ఫొటో తీస్తారు. కింద వదిలిన ఖాళీకి ఒక ఆకారం ఉంది. అది అక్కడ నడిచిన బండి ఆకారం. పడవ పోయినా, రైలు పోయినా, పట్టాలు పీకి తుక్కుకు అమ్మినా ఆ కొలత అక్కడే ఉంటుంది. వంతెన నిలిచి ఉన్నా సరే, ఖాళీ పూడితే ఆ సాక్ష్యం పోయినట్టే.

ఇది నా సొంత పిచ్చి కాదనడానికి ఇంగ్లండు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. కంబ్రియా ప్రాంతంలో గ్రేట్ మస్‌గ్రేవ్ అనే పల్లె దగ్గర 1862లో కట్టిన రాతి వంతెన ఒకటుంది. ఇంజనీరు థామస్ బౌచ్, తర్వాత టే నది మీద కట్టిన రైలు వంతెన కూలి అపకీర్తి పాలైనాయనే. మస్‌గ్రేవ్ వంతెన మీద ఊరి రోడ్డు, కింద ఈడెన్ వ్యాలీ రైల్వే. లైను మూతపడింది, పట్టాలు పోయాయి, వంతెన మిగిలింది. 2021లో అక్కడి జాతీయ రహదారుల సంస్థ వంతెన బలహీనంగా ఉందని కమాను కింద వెయ్యి టన్నులకు పైగా కంకర, కాంక్రీటు పోసి పూడ్చేసింది. పైనున్న రోడ్డుకు ఏ లోటూ రాలేదు, పిట్టగోడలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జనం మాత్రం ఊరుకోలేదు. అటు ఇటు పాత రైళ్ళను ప్రేమగా నడుపుకునే రెండు సంఘాలు ఎప్పటికైనా ఆ దారిన మళ్ళీ పట్టాలు కలపాలని ఆశపడుతున్నాయి, ఆ ఆశంతా ఆ కమాను కింది నుంచే పోవాలి. వందల అభ్యంతరాలు వచ్చాయి. 2022లో స్థానిక కౌన్సిలు పూడికకు అనుమతి నిరాకరించింది. 2023లో పూడ్చినవాళ్ళే పోసిన కాంక్రీటంతా తవ్వి తీశారు. ఒక ఖాళీ కోసం ఒక దేశంలో అంత పోరాటం జరిగింది. 

మన దగ్గర మూతపడిన రైలుదారి ఏదీ అంటే దూరం పోనక్కర్లేదు. నల్లమలలో నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పోయే లైనును మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజికి మార్చినప్పుడు చలమ, బొగద ప్రాంతంలో పాత దారి కొంత వదిలేశారు. లోయ మీది దొరబావి వంతెన అప్పటినుంచి రైలు లేని వంతెన. పులివెందుల వాళ్ళకు దగ్గరిది కదిరి మీదుగా పోయే పాకాల–ధర్మవరం లైను, అదీ మీటర్ గేజిగా పుట్టి తర్వాత పెద్దదయింది. 1,000 మిల్లీమీటర్ల పట్టాల ఎడం 1,676 అయినప్పుడు, ఆ పైన కరెంటు తీగ వచ్చినప్పుడు, చిన్న రైలు కొలతకు కట్టిన పాత రోడ్డు వంతెనలు అడ్డం అవుతాయి. లేపడానికి వీలుకాని కమానును పడగొట్టి కాంక్రీటు పలకలు పరుస్తారు. రైలు రావాలి, కరెంటు రావాలి, దానికి నేను అడ్డు చెప్పను. పులివెందులకు ఇప్పటికీ రైలు లేదు, ముద్దనూరు పోయి ఎక్కాలి. మా ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు రైలు వచ్చింది 2016లో, ఎర్రగుంట్ల–నంద్యాల లైను 123 కిలోమీటర్లూ తెరిచాక. 1996–97 బడ్జెట్లో మంజూరైన లైను కోసం ఇరవై ఏళ్ళు ఎర్రగుంట్ల స్టేషనుకు ఆటోల్లో పోయి వచ్చినవాణ్ణి, పాత వంతెన కోసం కొత్త రైలు ఆపమని ఎట్లంటాను? పడగొట్టే ముందు కొలవమంటాను, అంతే.

కొలిచి రాసిపెట్టుకోవడం ఈ నేలకు కొత్తేం కాదు. ఎర్రగుంట్ల పక్కనే కలమళ్ళలో 6వ శతాబ్ది రేనాటి చోళుల నాటి తెలుగు శాసనం ఉంది. శాసన శాఖవాళ్ళు రాతి మీద తడి కాగితం అద్ది, సిరా కొట్టి అచ్చు తీసినందువల్లే దాన్ని ఎక్కడెక్కడి పండితులో కూర్చున్నచోటే చదవగలిగారు. రెండువందల ఏళ్ళ కిందట కర్నల్ మెకంజీ మనుషులు దత్తమండలం ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫియత్తులు రాయించుకుపోయారు. గుళ్ళు, చెరువులు, మాన్యాలు, పాలెగాళ్ళ తగువులు అన్నీ అందులో ఉన్నాయి. మన ఊరి సంగతి మనకు ఏం తెలిసినా సగం ఆ కాగితాల పుణ్యమే. వంతెనలు మాత్రం వాటికి చిక్కలేదు, అప్పటికి ఇంకా కట్టలేదు కాబట్టి.

చిక్కకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాం. గండికోట రిజర్వాయరు నిండినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు నీటిలోకి పోయింది. ఇళ్ళకు పరిహారం లెక్క కట్టారు. వీధి ఎట్లా తిరిగేదో, బావి గిలక ఏ రాతికి ఆనేదో, అవి ఏ లెక్కలోకి రావు. శ్రీశైలం ప్రాజెక్టు కాలంలో కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టగలిగారంటే విప్పే ముందు కొలతలు తీశారు, రాళ్ళ వరస రాసుకున్నారు కాబట్టే. గుడికి చేసిన మర్యాదలో పదోవంతు వంతెనకు చేసినా చాలు.

కె.సి. కెనాల్‌కు 1996లో జపాన్ రుణంతో ఆధునికీకరణ మొదలైంది. లైనింగు పడింది, పాత కట్టడాలు బాగుపడ్డాయి, చివరి పొలాలకు నీళ్ళు చేరాలన్న రైతుల కోరిక న్యాయమైనది. ఇకముందు కూడా పనులు జరుగుతాయి. ఇరుకు వంతెన వెడల్పు కాక తప్పదు, వరికోత మిషను ఆ గూని మీద ఒక చక్రం గాల్లో పెట్టి దిగడం నేను చూశాను, ఒళ్ళు జలదరించింది. కనుక నా కోరిక రెండే ముక్కలు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల ఉంది. సివిల్ చదివే పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టు కోసం కొనుక్కున్న రిపోర్టు బైండు చేయించే బదులు, నలుగురు కలిసి ఒక వంతెన కొలవాలి. కమాను గణితం పుస్తకంలో చదివినదానికంటే దారం కింద నిలబడితే బాగా పడుతుంది. కాలువ నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారో కాలువ లస్కరును అడిగితే చెబుతాడు. నడిచే రైలు లైను మీదికి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

రెండోది శాఖలకు. పాత వంతెన పడగొట్టే ప్రతి పనిలోనూ మట్టి పరీక్షకు ఒక పద్దు ఉంటుంది, తాత్కాలిక దారికి ఒక పద్దు ఉంటుంది, తుక్కు ఎత్తిపొయ్యడానికి ఒక పద్దు ఉంటుంది. ఎస్టిమేటులో వాటి పైన ఇంకో పద్దు చేర్చండి, కూల్చే ముందు కొలిచి గీసి ఫొటోలు తియ్యడానికి. ఇద్దరు మనుషుల రెండు రోజుల కూలి, కాగితం ఖర్చు. గీసిన కాగితం మీద తేదీ, ఉత్తర దిక్కు, కొలమానం, కమాను వెడల్పు ఎత్తులు, నీటి మట్టం గుర్తు, ఏ ఊరికి ఏ ఊరికి మధ్య దారో రాసి ఉండాలి. ఒక ప్రతి సెక్షను ఆఫీసులో, ఒకటి కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో, ఒకటి ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్లో. ఆ కాగితం చేరాకే కాంట్రాక్టరుకు మొదటి బిల్లు పాస్ చెయ్యండి.